నీటి వాకిలి

2021 జనవరిలో అటక మీది పెట్టెలు దింపి సర్దుతూంటే నా విద్యార్థిదశ నాటి బొమ్మల పుస్తకం ఒకటి బయటపడింది. నల్ల అట్ట, మూలలు చెదలు తిన్నవి, లోపల పెన్సిలు గీతలు సగం చెరిగిపోయినవి. ఒక పుటలో రాతిలో తొలిచిన మూడు గుండ్రటి పెద్ద రంధ్రాలు, వాటి చుట్టూ చెక్కడపు పని. కింద నా దస్తూరీతోనే ఇలా రాసి ఉంది: "కాంకరియా. అలంకరణ అద్భుతం. నీడల కోసం సాయంత్రం మళ్ళీ రావాలి."

సాయంత్రం మళ్ళీ వెళ్ళానో లేదో గుర్తు లేదు. ఆ రంధ్రాలు ఎందుకున్నాయో అడగలేదని మాత్రం గుర్తుంది. అడగవలసిన ప్రశ్న అదేనని తెలియడానికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

మా వృత్తిలో ప్రయాణం చదువులో భాగం. వైద్య విద్యార్థికి శవపరీక్ష ఎలాగో, ఆర్కిటెక్చరు విద్యార్థికి యాత్ర అలాగ. (వాస్తుశిల్పి అన్న మాట వాడదామనే ఉంటుంది గాని, ఆ మాట అన్న మరుక్షణం ఎదుటివారు తమ ఇంటి వంటగది ఏ మూలనుందో చెప్పడం మొదలుపెడతారు. అందుచేత ఆర్కిటెక్టుననే చెప్పుకుంటాను.) లె కొర్బూజియే ఇంకా ఆ పేరు పెట్టుకోకముందే, 1911లో, ఇరవైమూడేళ్ళ వయసులో, ఇస్తాంబుల్ మీదుగా ఏథెన్సు దాకా తిరిగి పుస్తకాల నిండా బొమ్మలు గీసుకున్నాడని మా గురువులు కథలుగా చెప్పేవారు. బాలకృష్ణ దోషి ఆయన దగ్గర 1951 నుంచి పారిస్‌లో పనిచేసి, తిరిగివచ్చి అహ్మదాబాదులో స్థిరపడ్డారు. బెంగుళూరులోని ఐ.ఐ.ఎం. ప్రాంగణానికి రూపకల్పన చేసేటప్పుడు దోషిగారి మనసులో మెదిలింది ఫతేపూర్ సిక్రీ. ఒకచోట చూసినది మరొకచోట మరొక రూపంలో మొలకెత్తడమే సృజన అని మాకు బోధపడింది. బోధపడిందనే అనుకున్నాం.

1992 శీతాకాలంలో మా తరగతి మొత్తం రైలెక్కి అహ్మదాబాదు వెళ్ళింది. లూయీ కాన్ ఇటుక కమానులు, మిల్లు యజమానుల సంఘ భవనం, దోషిగారి 'సంగాత్'. పెంకు ముక్కలు అతికించిన సంగాత్ కప్పుల తెల్లదనం ఇప్పటికీ నా కళ్ళల్లో ఉంది. ఊరికి ఉత్తరాన పద్ధెనిమిది కిలోమీటర్ల దూరంలో అడాలజ్ దిగుడుబావి. 1499 నాటిది, రాణి రూడాబాయి పూర్తి చేయించినది. అయిదంతస్తులు భూమిలోకి దిగుతూ పోతుంటే అడుగడుగునా చల్లదనం పెరుగుతుంది. మేము స్తంభాలు గీశాం, గూళ్ళు గీశాం, పైనుంచి పడే వెలుగును గీశాం. ఆ బావిని కట్టిన కారణమైన నీటిని మాత్రం మాలో ఒక్కరూ గీయలేదు. నీటికి రూపం లేదు కదా, పరీక్షలో మార్కులు రావు.

అంతకు ముందు ఏడాది పాలంపేట వెళ్ళినప్పుడూ అంతే. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి ముందు రెండు రోజులు కూర్చున్నాను. మదనికల నడుము వంపు, నీటిలో తేలే ఇటుకల విమానం, సన్నటి నల్లరాతి స్తంభాలు. పుస్తకంలో పదకొండు పుటలు వాటికే. మధ్యాహ్నం అన్నం మూట విప్పుకుని మేం తిన్నది ఆ పక్కనే ఉన్న రామప్ప చెరువు కట్ట మీద. గుట్టల నడుమ వేసిన ఆ కట్ట దిగువ పొలాలకు ఎనిమిది శతాబ్దాలుగా నీరిస్తూనే ఉంది. గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, సంతోషమే. కాని నా పుస్తకంలో ఆ కట్ట ఒక గీతగానైనా లేదు. దాని మీద కూర్చుని గుడిని గీస్తూ ఉండిపోయాను.

మన పూర్వులు సప్తసంతానాలని ఒక జాబితా చెప్పారు. మనిషి పోయాక అతని పేరు నిలబెట్టేవి ఏడు: తటాకం, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, కావ్యం, కొడుకు. నిధి సంగతి నాకు తెలియదు, అగ్రహారాల కాలం గడిచింది. కాని చెరువునూ కావ్యాన్నీ ఒకే వరుసలో కూర్చోబెట్టిన ఆ జాబితా నన్ను ఈ మధ్య వదలడం లేదు. కల్పనాశక్తి ఒక పక్కా, ఊరి బాధ్యత మరో పక్కా ఉంటాయని, ఒకటి మన ఆనందం కోసం, మరొకటి పన్ను కట్టినట్టు తప్పక చేసే పని అని అనుకునే మాకు ఆ వరుస వింతగానే కనిపిస్తుంది.

ఇక నా గోడ సంగతి.

2006లో హైదరాబాదు తూర్పు శివార్లలో రెండున్నర ఎకరాల స్థలంలో ఒక అపార్టుమెంట్ల సముదాయానికి నేను నక్షాలు గీశాను. స్వతంత్రంగా పని మొదలుపెట్టాక నాకు దక్కిన మొదటి పెద్ద పని. స్థలం ఏటవాలుగా ఉండేది. సర్వేయరు తెచ్చిన కాగితంలో నైరుతి నుంచి ఈశాన్యానికి సన్నటి వంకర గీత ఒకటి అడ్డంగా పోయింది. ఏమిటని అడిగితే, "వాన పడితే నాలుగు చుక్కలు పారుతాయి సార్, మిగతా ఏడాదంతా ఎండే" అన్నాడు. వెళ్ళి చూశాను. ఏప్రిల్ నెల. తుమ్మ చెట్లు, ఇసుక, రెండు మేకలు. ఆ గీత ఏ ప్రభుత్వ పటంలోనూ నాలాగా నమోదు కాలేదు. చట్టప్రకారం అది లేదు.

లేనిదానికి అడుగున్నర వ్యాసం గల సిమెంటు గొట్టం ఒకటి భూమిలో వేసి, దాని మీద సందర్శకుల కార్లకు చోటు చూపించి, ఎగువ సరిహద్దు పొడవునా ఆరడుగుల ప్రహరీ గీశాను. గీత తిన్నగా వచ్చింది. అనుమతులన్నీ సక్రమంగా వచ్చాయి. ఎవరికీ ఒక్క రూపాయి లంచం ఇవ్వలేదని ఆ రోజుల్లో గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా.

ఒక్క విషయం తలచుకుంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి. ఈశాన్యంలో నీరుండాలని యజమాని పట్టుబట్టడంతో సంపు స్థానాన్ని మూడుసార్లు మార్చాం. వాస్తు పండితుడు, యజమాని, నేను, ముగ్గురం కలిసి నీటి గురించి మూడు వారాలు చర్చించాం. నిజమైన నీరు ఎటు నుంచి వస్తుందో ముగ్గురిలో ఒక్కరమూ అడగలేదు.

తిరువనంతపురం వెళ్ళి లారీ బేకర్ కట్టడాలు చూసి వచ్చింది అంతకు రెండేళ్ళ ముందే. తంపానూరులో గుండ్రంగా పైకి తిరుగుతూ పోయే కాఫీ హౌసులో కూర్చుని దోసె తిన్నాను, అభివృద్ధి అధ్యయన కేంద్రం ప్రాంగణమంతా తిరిగాను. చెట్టు అడ్డొస్తే అక్కడ గోడ వంగుతుంది. నేల వాలితే కట్టడమూ దానితో పాటు దిగుతుంది. ఎంత ముచ్చటపడ్డానో! తిరిగివచ్చి నేనేం నేర్చుకున్నానయ్యా అంటే, ఇటుకల మధ్య ఖాళీలు వదిలే జాలీ పని. ఆ సముదాయంలో మెట్ల గదులన్నింటికీ జాలీలు పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. గోడను మాత్రం వంచలేదు. యాత్రలలో మనకు నచ్చినదాన్నే మనం తెచ్చుకుంటాం, మనకు కావలసినది అక్కడే ఉండిపోతుంది.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కురిసిన వాన అందరికీ తెలిసినదే. మర్నాడు ఉదయం ఆ సముదాయం సంఘం కార్యదర్శి ఫోను చేశాడు. "చుట్టుపక్కల కాలనీలన్నీ మునిగాయి సార్. మన సెల్లారులో చుక్క నీరు లేదు. మీ గోడే మమ్మల్ని కాపాడింది" అన్నాడు. ఆ మాట విని నేను పొంగిపోయానని ఇక్కడ ఒప్పుకోవాలి. ఇంట్లో చెప్పుకున్నాను. రెండు రోజులు ఆగి, దారులు తెరుచుకున్నాక, నా గోడను చూసుకోవడానికి బయలుదేరాను.

లోపలి నుంచి చూస్తే గోడ చెక్కుచెదరలేదు. కార్యదర్శి టీ ఇప్పించాడు. అవతలి వైపు కూడా ఒకసారి చూద్దామని చుట్టూ తిరిగి ఎగువ వీధిలోకి నడిచాను. పద్నాలుగేళ్ళలో నేను ఆ వీధిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. నేను నక్షా గీసినప్పుడు అక్కడ సగం పొలాలే. ఇప్పుడు రేకుల ఇళ్ళు, ఒంటి గది స్లాబు ఇళ్ళు, మధ్యలో సిమెంటు వీధి. ప్రతి ఇంటి గోడ మీదా నా నడుముకు పైగా, రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు, ఒకే ఎత్తులో బురద గీత. ఆ గీత కూడా తిన్నగానే ఉంది.

ఒక ఇంటి ముందు ముసలామె నులకమంచం మీద కాగితాలు ఆరబెడుతోంది. మనవరాలి పదో తరగతి ధ్రువపత్రం, రేషను కార్డు, ఏదో అప్పు పుస్తకం. కుట్టుమిషను పక్కకి ఒరిగి ఉంది. నన్ను చూసి, "ఎవలు సారూ, మున్సిపాలిటోళ్ళా?" అంది.

"కాదమ్మా, ఊరికే చూసిపోదామని వచ్చాను" అన్నాను.

"ఏం జూస్తవు, అంతా పాయె. బియ్యం డ్రమ్ము గూడ తేలిపాయె. ముందుగాల వాన పడితె నీళ్ళు గిట్లకెల్లి గట్ల పోతుండె. గా గోడ కట్టినప్పటి సంది తొవ్వ లేకుండ అయింది. ఎవలు కట్టిన్రో ఏమో." ఆమె మాటల్లో కోపం కూడా లేదు. వానకు ఎండకు ఎవరిని తిడతాం అన్నట్టు చెప్పింది. నేను తల ఊపి వచ్చేశాను. 'నేనే' అనలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు దారి మార్చుకుని మూసీ దాటాను. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో దాని కొమ్మలెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరద తరువాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని 1909లో పిలిపించింది. ఊళ్ళో నది గట్లు ఎత్తు చేయడం ఒక్కటే ఆయన చెప్పి ఉంటే ఆ కథ వేరుగా ఉండేది. ఊరికి ఎగువన నీటిని నిలిపే చోట్లు చూపించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వంతెన మీద ఆగి నేను ఆలోచించింది ఆయన గొప్పతనం గురించి కాదు. ఆయన తన కాగితం అంచు ఎక్కడ పెట్టుకున్నారు, నేను ఎక్కడ పెట్టుకున్నాను అన్నది ఆలోచించాను. నా కాగితం సర్వే నంబరు దగ్గర ముగిసింది.

ఆ రాత్రి లెక్క వేశాను. పద్నాలుగేళ్ళ కిందట పది నిమిషాల్లో వేయగలిగిన లెక్కే అది. ఒక హెక్టారు మీద ఒక సెంటీమీటరు వాన పడితే లక్ష లీటర్లు. నా స్థలానికి పైన ఉన్న వాలు సుమారు 40 హెక్టార్లు. పది సెంటీమీటర్ల వాన పడితే నాలుగు కోట్ల లీటర్లు. పొలాలున్నంత కాలం నేల చాలా భాగం తాగేది, ఇప్పుడు అంతా సిమెంటు. సగమే కిందికి వచ్చిందనుకున్నా రెండు కోట్లు. నేను వేసిన గొట్టం ఏ అడ్డూ లేకుండా నిండుగా పారితే సెకనుకు మహా అయితే 300 లీటర్లు పోతుంది. అంటే మొత్తం నీరు పోవడానికి పద్ధెనిమిది గంటలకు పైగా పడుతుంది. గొట్టం మూతిలో ప్లాస్టిక్ సంచులూ కొబ్బరి మట్టలూ ఇరుక్కుంటే ఎన్ని గంటలన్నది లెక్క అక్కర్లేదు, ఆ వీధి గోడల మీది గీతే చెబుతుంది.

పైన ఇళ్ళు వెలుస్తాయని 2006లో నాకు తెలియదా అంటే, తెలుసు. ఊరు అటే పెరుగుతోందని, అందుకే ఫ్లాట్లు అమ్ముడుపోతాయని యజమానికి చెప్పినవాళ్ళలో నేనొకణ్ణి. మా వృత్తి ప్రవర్తనా నియమావళి 1989లో వచ్చింది. పర్యావరణం పట్ల, సమాజపు భవిష్యత్తు పట్ల ఉన్న బాధ్యతకు మన పని విరుద్ధంగా ఉండరాదన్నది అందులో మొదటి నియమం. ఫీజుల సంగతి ఆ తరువాతే వస్తుంది. నమోదు కాగితం వచ్చిన రోజున చదివాను. ఫీజుల భాగం ఇంకోసారి చదివాను.

బొమ్మల పుస్తకం దొరికింది ఆ తరువాత మూడు నెలలకు. కాంకరియా పుట తెరిచి చాలాసేపు కూర్చున్నాను. ఆ చెరువు 1451లో సుల్తాను కుతుబుద్దీను కాలంలో పూర్తయింది. నేను గీసిన మూడు రంధ్రాలు చెరువులోకి నీరు వచ్చే తూము. వానకాలంలో పై నుంచి ఉరికివచ్చే నీరు లోపలికి ప్రవేశించే వాకిలి. మనం ఇంటి గడపకు పసుపు రాసి మామిడి తోరణం కడతామే, అలాగ ఆ శిల్పులు నీరు వచ్చే గడపకు చెక్కడం చేశారు. నేను ఆ తోరణాన్ని చూసి, ఇంటివారెవరో తెలుసుకోకుండా తిరిగివచ్చాను. పుస్తకం ముందుకు తిప్పితే సంగాత్ బొమ్మ. అక్కడా కప్పు మీది వాన నీరు కాలువల వెంట దిగి తోటలోని కొలనులో కలుస్తుంది. ఆ కాలువలు నా బొమ్మలో ఉన్నాయి. పక్కన "లయ" అని రాసుకున్నాను!

అదే వారం సంఘం వారికి ఒక నక్షా గీసి పట్టుకెళ్ళాను. ఎగువ గోడ అడుగున మూడు చోట్ల తెరిచి, ఇనుప కడ్డీలు బిగించి, కార్లు నిలిపే చోటి మీదుగా పై మూత లేని కాలువ తవ్వి, దిగువన రోడ్డు పక్క పెద్ద కాలువలో కలపాలి. ఆ కాలువ అర కిలోమీటరు కింద చెరువులో పడుతుంది. దిగువ వాళ్ళను ముంచుతానేమోనని ఈసారి దాని వెంట చెరువు దాకా నడిచి చూశాను. ఫీజు వద్దన్నాను. ఆ మాట చెప్పడం పొరపాటయింది, ఏదో స్వార్థం ఉందని అనుమానపడ్డారు.

"మన గోడ మనం పగలగొట్టుకోవడమేమిటి సార్? ఆ రాత్రి మనల్ని కాపాడింది అదే కదా?" అన్నారు ఒకరు. న్యాయమైన ప్రశ్నే. ఆరు కార్ల చోటు పోతుందన్నారు. పాములు వస్తాయన్నారు. ఎగువ వాళ్ళవి అనుమతి లేని ఇళ్ళన్నారు. గోడ వెనుక అంత నీరు నిలిస్తే ఏదో ఒక ఏడాది గోడే కూలి మొదటి అంతస్తు దాకా వస్తుందని బరువు లెక్క చూపించాను. దయ కంటే ఆ లెక్క బాగా పనిచేసింది. అయినా రెండేళ్ళు, నాలుగు సమావేశాలు పట్టాయి. సంఘంలో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు నా అంకెలు తన కాగితం మీద మళ్ళీ వేసి, "సరిగానే ఉన్నాయి" అని నిలబడి చెప్పకపోతే ఇంకా రెండేళ్ళు పట్టేది. చివరికి నాలుగు కార్ల చోటు ఇచ్చారు.

2023 మే నెలలో పని జరిగింది. ఒక్కొక్కటి నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. మూడూ కలిపితే పాత గొట్టం మూతికి సుమారు పదిహేడు రెట్లు. తెరుపులు గుండ్రంగా పెడదామని ఒక క్షణం మనసు లాగింది. మేస్త్రీ, "గుండ్రం అంటే లోపల చట్రం కట్టాలి సార్, రెండు రోజుల పని" అన్నాడు. నలుచదరంగానే పెట్టించాను.

ఆ జూలైలో వానలు బాగా పడ్డాయి. ఒక సాయంత్రం గొడుగు పట్టుకుని ఎగువ వీధికి వెళ్ళాను. ఎర్రటి నీరు సుడి తిరుగుతూ కడ్డీల మధ్య నుంచి లోపలికి పోతోంది. ఒక చెప్పు, రెండు సీసాలు, కొబ్బరి మట్ట అడ్డం పడి ఉంటే గొడుగు కొనతో తోశాను. వీధిలో చీలమండల దాకా నీళ్ళున్నాయి, ఇళ్ళల్లోకి ఎక్కలేదు. ముసలామె గడపలో కూర్చుని నన్నే చూస్తోంది. గుర్తుపట్టింది.

దగ్గరికి వెళ్ళి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఆ గోడ గీసింది నేనేనమ్మా" అన్నాను.

ఆమె నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. ఏదో అంటుందని, అనాలని కూడా ఎదురుచూశాను. ఆమె చెయ్యి చాచి, వీధి చివర గోడ మలుపు తిరిగే చోటు చూపించింది.

"గట్లయితె గా మూలకు గూడ ఒకటి పెట్టియ్యరాదు సారూ. ఆడ ఇంక నిలుస్తున్నయి."

నీళ్ళల్లో కాళ్ళీడ్చుకుంటూ ఆ మూలకు నడిచాను. నేను తీసుకున్న కొలతల్లో ఆ మూల ఎత్తుగా ఉంది. కాని నీరు అటే పారుతోంది. అక్కడ మోకాలి లోతు ఉంది.